నాలుగో జాగా

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు, అడగకపోయినా చెప్తారు. ఉద్యోగమంతా ఇన్సూరెన్స్ కంపెనీలో చేశాను. గాలివానకు ఎగిరిపోయిందన్న పైకప్పు నిజంగా ఎగిరిందో, మేకులు ఊడదీసి దించేశారో చూసి రావడం నా పని. రిటైరయ్యాక జీతం పోయింది గానీ చూపు పోలేదు. అందుకే ఆ వసంతంలో మా కెజియా ఆదివారం భోజనానికి వచ్చి, కుర్చీ లాగి కూడా కూర్చోకుండా, పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడి తింటుంటే నా కళ్ళు దాని ప్లేటు మీద లేవు, కాళ్ళ మీద ఉన్నాయి.

"కూర్చోవే, కుర్చీకి ముళ్ళున్నాయా?" అన్నాను.

"పొద్దుట్నుంచీ చర్చిలో కూర్చునే ఉన్నాగా పెద్దమ్మా. కాళ్ళు పట్టేశాయి."

చర్చిలో అది నా పక్కనే ఉంది. పాటలకు అందరికంటే ముందు లేచింది. కూర్చునేటప్పుడు మాత్రం అందరికంటే ఆఖర్న, ముందు బెంచీ అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి మెల్లగా దిగింది. కాళ్ళు పట్టేసినవాళ్ళు అలా కూర్చోరు.

కెజియా నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయినప్పుడు చిన్నపిల్ల, అప్పట్నుంచీ నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు మా ఊరి కాలేజీలోనే రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. అలబామాలో ఏప్రిల్ వచ్చేసరికి ఆడపిల్లలు చేతుల్లేని బట్టలకు దిగుతారు. ఇది మాత్రం మణికట్టు దాకా చొక్కా, మడమల దాకా లంగా వేసుకొచ్చింది. ప్లేటు సింకులో పెట్టడానికి వెళ్తూ వంటింటి మూల దగ్గర ఆగి, సిపాయిలా నిటారుగా పక్కకు తిరిగి, అప్పుడు అడుగేసింది. తనే గమనించుకుని నవ్వేసింది. నేను నవ్వలేదు. మూలల దగ్గర అలా కవాతు చేసినట్టు తిరగడం ఎక్కడ నేర్పుతారో నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అలా నడిచినదాన్నే.

మా కాలేజీలో నల్లజాతి ఆడపిల్లలకు సొరోరిటీ అంటే ఉత్త క్లబ్బు కాదు. మూడు గ్రీకు అక్షరాలు, రెండు రంగులు, ఒక కూత, ఒక చేతి సైగ. మా రంగులు రాగి, తెలుపు. ఒకసారి చేరితే చచ్చేదాకా అక్కచెల్లెళ్ళం. నా పెళ్ళిలో పక్కన నిలబడింది వాళ్ళే, విడాకులప్పుడు సామాన్లు మోసిందీ వాళ్ళే. రేపు నేను పోతే తెల్లబట్టలు కట్టుకుని శవపేటిక చుట్టూ నిలబడి పాడేదీ వాళ్ళే. ఆ అక్షరాలేవో ఇక్కడ రాయను. ఇంత జరిగినా వాటి మీద మమకారం చావలేదు.

మా రోజుల్లో చేరాలంటే లైనులో నడవాలి. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, ఒక్కొక్కరికి ఒక్కో అంకె. అన్నానికెళ్ళినా, లైబ్రరీకెళ్ళినా అదే వరస. పెద్దక్కలు కూర్చోమంటే కూర్చోవాలి, లెమ్మంటే లేవాలి, మిగతావాళ్ళతో మాట్లాడకూడదు. దేశంలో అక్కడో పిల్లా ఇక్కడో పిల్లా ఈ ర్యాగింగ్‌కి చచ్చిపోయాక ఇదంతా నిషేధించారు. ఇప్పుడు దరఖాస్తు, ఇంటర్వ్యూ, కొన్ని వారాల క్లాసులు, ప్రమాణం, అంతే. కాలేజీ పిల్లల శాఖకు సలహాదారులం ఇద్దరం, నేనూ కార్లిస్సూ. మొదటి క్లాసులో నేనే నిలబడి చెప్పాను: "ఎవరైనా మిమ్మల్ని వరసలో నిలబెట్టినా, మీ మీద వేలు వేసినా నాకు ఫోన్ చెయ్యండి. వాళ్ళ సభ్యత్వం పిన్ను ఊడబీకిస్తాను." పిల్లలు నాకు పోలీసమ్మ అని పేరు పెట్టారు.

నిషేధంతో పాటే ఒక తిట్టు కూడా పుట్టింది. లైనులో నడవకుండా, దెబ్బ తినకుండా, దరఖాస్తుతో లోపలికొచ్చిన పిల్లను 'కాగితం పిల్ల' అంటారు. ఆమె కూత వేస్తే ఎవరూ తిరిగి పలకరు. అందరూ కలిసి కాళ్ళతో తాళమేసి ఆడే స్టెప్ షోలో ఆమెను వెనక వరసలోకి తోస్తారు. ముసలివాళ్ళయ్యాక కూడా ఆ పేరు వదలదు, మా శాఖలోనే అరవై దాటిన ఒకావిడను ఇప్పటికీ చాటుగా అలాగే పిలుస్తారు. ఇక పోలీసమ్మ ఇంట్లో పెరిగిన పిల్లను ఏమంటారో వేరే చెప్పాలా?

ఆ సాయంత్రం కార్లిస్ పీచ్ కాబ్లర్ చేసి పట్టుకొచ్చింది. మా లైనులో నేను ఆరు, కార్లిస్ ఏడు. అంటే నా వెనకే. ఆ వారాలన్నీ దాని కుడిచెయ్యి నా భుజం మీదే ఉండేది. నేను తూలితే ఆ చెయ్యే పట్టి నిలబెట్టేది. చెల్లెల్ని మట్టిలో పెట్టిన రోజూ అదే చెయ్యి, అదే భుజం. అది హైస్కూల్ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయింది. ఊళ్ళో సగంమంది దాని గొంతు వింటే ఇప్పటికీ చొక్కా సర్దుకుంటారు.

"కెజియా ఏదో దాస్తోందే," అన్నాను.

"ఆ వయసులో నువ్వేం దాయలేదేంటి వర్నీటా? కుర్రాడెవడో ఉంటాడు."

"కుర్రాడుంటే కూర్చోడానికేం రోగం?"

కార్లిస్ పగలబడి నవ్వింది. తర్వాత చెంచా కింద పెట్టి, "చెయ్యి చేసుకునే రకమేమో. అది ఆలోచించావా? ఆ బ్యాండు పిల్లాడితో తిరిగేదిగా, ఆర్లో," అంది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగింది, "ఇంతకీ అది నీతో ఏమైనా అందా?"

"ఏమీ అన్లేదు."

"అంటే చెప్పు నాకు," అని నా భుజం తట్టి వెళ్ళింది.

ఆర్లో మార్చింగ్ బ్యాండులో ట్యూబా వాయిస్తాడు. మనిషి కూడా ట్యూబా అంత ఉంటాడు. మర్నాడు చికెన్ కొట్టు దగ్గర వాడి కారుకు అడ్డంగా నా కారు ఆపి దిగాను.

"మా పిల్ల మీద చెయ్యి వేశావా?"

వాడి చేతిలో కోడి తొడ అలాగే ఉండిపోయింది. "నేనా? అమ్మా, మీ అమ్మాయి నాతో మాట్లాడ్డమే మానేసింది. ఎదురొస్తే తల దించుకుని పోతోంది. పలకరిస్తే రాయిలా నిలబడుతుంది. ఎప్పుడు చూసినా ఆ గుంపులోనే. నేనేం తప్పు చేశానో మీరే కనుక్కుని చెప్పండి, పుణ్యముంటుంది." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధమాడేవాళ్ళను ఇంతమందిని చూశాను, కోడి తొడ పట్టుకుని ఏడ్చేవాణ్ణి మాత్రం చూడలేదు. వదిలేశాను.

కానీ వాడు చెప్పింది కారులో మళ్ళీ నెమరేసుకున్నాను. తల దించుకోవడం, పలకకపోవడం, గుంపులోనే ఉండటం. ఇవన్నీ నాకు పరిచయమైన సంగతులే. నేరుగా కాలేజీ శాఖ ప్రెసిడెంటు బ్రియెల్ దగ్గరికి వెళ్ళాను. సన్నగా, శుభ్రంగా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు మాట్లాడే పిల్ల.

"లైను నడుస్తోందా?" అని మొహం మీదే అడిగాను.

"అయ్యో మేడమ్! మీరు చెప్పిన రూల్స్ పొల్లుపోకుండా పాటిస్తున్నాం." నేను ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు వచ్చేసింది. "కావాలంటే కార్లిస్ మేడమ్‌ని అడగండి. ప్రతీది ఆవిడకి తెలుసు."

ఆ పిల్ల కళ్ళలో భయం లేదు. అదే నాకు నచ్చలేదు. నేనంటే భయం లేని ప్రెసిడెంటు ఈ పదేళ్ళలో ఒక్కతీ లేదు. ఎవరి అండ చూసుకుని ఈ ధైర్యం? కాలేజీలో ఎవరైనా ఉద్యోగులా? వేరే ఊరి శాఖ నుంచి ఎవరైనా వచ్చి నడిపిస్తున్నారా? రెండు సాయంత్రాలు హాస్టల్ ఎదురుగా కారులో కూర్చుని చూశాను. పిల్లలు వేరు వేరుగా బయటికొచ్చి, వేరు వేరు కార్లెక్కి, ఒకే వైపు వెళ్ళారు. నా పాత కారును దూరం నుంచే గుర్తుపట్టి, ఊరంతా తిప్పి వదిలేశారు. పోలీసమ్మ పప్పులుడకలేదు.

ఆ వారంలోనే డాలర్ కొట్టులో కార్లిస్ కనిపించింది. దాని బండి నిండా ఎప్సమ్ ఉప్పు సంచులు.

"ఏంటే, సముద్రం చేస్తావా?"

"మోకాళ్ళే బాబూ. వేడినీళ్ళలో వేసుకుని కూర్చుంటే తప్ప నడవలేకపోతున్నా."

"నీకున్నవి రెండే మోకాళ్ళు కదే!"

ఇద్దరం నవ్వుకున్నాం. వాళ్ళమ్మ పాత ఇల్లు అమ్మేశావా అని అడిగితే, ఇంకా లేదు, రంగులు వేయిస్తున్నానంది. దాని బూట్లకు రంగు మరక ఒక్కటీ లేదు. ఆ సంగతి చూశాను, ఇంటికి వచ్చేశాను. ఊరందర్నీ అనుమానించే మనిషిని, ఆ ఒక్కదాన్నీ అనుమానించడానికి నాకు మనసు రాలేదు.

శనివారం మా వ్యవస్థాపకుల రోజు భోజనం. చర్చి వెనక హాల్లో తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, వేయించిన క్యాట్‌ఫిష్, ఆకుకూర, మాకరోనీ, తీపి టీ. ముసలి అక్కలందరూ టోపీలు పెట్టుకుని వచ్చారు. ప్రమాణం చేయబోయే పిల్లలు ఏడుగురు రావాలి, ఆరుగురే వచ్చారు. కెజియా లేదు. దానికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"కెజియా ఏదీ?" అని బ్రియెల్‌ను అడిగాను.

"కడుపునొప్పి మేడమ్. హాస్టల్లో పడుకుంది."

ఒక బల్ల దాటి కార్లిస్‌ను అడిగాను.

"నాకు ఫోన్ చేసిందే. మాంట్‌గోమరీలో ఫ్రెండు ఇంటికెళ్ళిందట. దానికి కాస్త ఊపిరి ఆడనివ్వవే నువ్వు."

ఒక పైకప్పు గురించి మొగుడొక కథ, పెళ్ళామొక కథ చెప్పారంటే ఆ పైకప్పు ఎగరలేదని అర్థం. అయినా ఆ క్షణాన కూడా నేను, బ్రియెల్ కార్లిస్‌కు అబద్ధం చెప్పి ఉంటుందనే అనుకున్నాను. హాస్టల్‌కు వెళ్దామని తాళాలు తీశాను. అప్పుడే వడ్డన మొదలైంది.

పిల్లలు ఆరుగురూ మూడు వేర్వేరు బల్లల దగ్గర్నుంచి లేచారు. కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఒకరితో ఒకరికి పని లేనట్టు ప్లేట్లు అందుకున్నారు. అందరికంటే పొట్టిపిల్ల నైలా ముందు నిలబడింది. తర్వాత దానికంటే కాస్త పొడుగు. ఆ తర్వాత ఇంకాస్త. ఎవరూ వాళ్ళను అలా నిలబడమనలేదు. వాళ్ళ కాళ్ళే వెళ్ళి అలా నిలబడ్డాయి. మూడో పిల్ల తర్వాత ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఖాళీ వెనక జనాయ్ అనే పిల్ల, ఆమె వెనక మరో ఇద్దరు. వడ్డన ముందుకు కదిలితే ఖాళీ కూడా వాళ్ళతో పాటే కదిలింది.

మాలో అందరికంటే పెద్దావిడ మిసెస్ హాస్కిన్స్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి ఆ ఖాళీలో దూరబోయింది.

"అమ్మా, అక్కడ మనిషుంది," అంది జనాయ్.

ముసలావిడ ఇటూ అటూ చూసింది. "ఎక్కడే మనిషి? నాకు చూపు తగ్గింది గానీ మరీ ఇంతా?"

హాలంతా గొల్లుమని నవ్వింది. జనాయ్ నవ్వలేదు. తన నోట్లోంచి ఏం జారిందో అప్పటికి అర్థమై, మొహం బూడిదలా అయింది. నా చేతిలో తాళాలు బల్ల మీద పెట్టాను.

వెళ్ళి వాళ్ళ ముందు నిలబడ్డాను. ఆ తర్వాత నా గొంతులోంచి వచ్చింది నా గొంతు కాదు. నన్ను నడిపించిన పెద్దక్కల గొంతు.

"లైను! లెక్క చెప్పు!"

ప్లేట్లు ఒక్కసారి బల్ల మీద చప్పుడయ్యాయి. ఆరు వీపులు నిటారుగా అయ్యాయి, ఆరు జతల కళ్ళు నా తల మీదుగా గోడకు అతుక్కున్నాయి. ప్రతి పిల్ల కుడిచెయ్యీ ముందున్న పిల్ల భుజం మీదికి వెళ్ళింది. జనాయ్ చెయ్యి మాత్రం ఉత్త గాలిలో ఆగింది.

"ఒకటి, నైలా!"

"రెండు, పోర్షా!"

"మూడు, డెవిన్!"

తర్వాత ఒక పేరు పట్టేంత నిశ్శబ్దం. లేనివాళ్ళ వంతు వస్తే అలా ఆగాలని మాకూ నేర్పారు.

"ఐదు, జనాయ్!" ఆ పిల్ల ఏడుస్తూ అరిచింది. ఆరు, ఏడు కూడా అరిచారు. హాల్లో ఒక్క టోపీ కదల్లేదు.

"నాలుగు ఎక్కడ?" అన్నాను.

అనుమతి లేకుండా పలకకూడదు. ఆ అనుమతి కోసం వాళ్ళు బ్రియెల్ వైపు చూస్తారనుకున్నాను. ఆరుగురి కళ్ళూ నన్ను దాటి, బ్రియెల్‌ను దాటి, కార్లిస్ మీద ఆగాయి.

కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు, ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

కార్లిస్ నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "కేకలెయ్యకు. బాగానే ఉంది. మా అమ్మ పాత ఇంట్లో ఉంది. కాళ్ళు కాస్త వాచాయంతే. నీళ్ళలో ఉప్పేసి కూర్చోబెట్టి వచ్చా."

కారు నేనే నడిపాను. దారిలో ఎర్రలైటు దగ్గర ఆగానో లేదో గుర్తు లేదు.

ఆ ఇంట్లో నేను ఎన్నో థాంక్స్ గివింగ్ భోజనాలు చేశాను. ముందు గదిలో సోఫాలు గోడకు జరిపేసి ఉన్నాయి. కిటికీలకు దుప్పట్లు కొట్టి ఉన్నాయి. నేల మీద ఇటుకలు, జంటజంటగా, ఏడు జతలు. గోడకు ఆనించి రాగి రంగు చెక్క ప్యాడిల్ ఒకటి, పిడి ఉన్న వెడల్పాటి బద్ద. అలాంటిదే మా ఇంట్లో హాల్లో వేలాడుతోంది, నా పేరు చెక్కి కార్లిస్ ఇచ్చింది. మాకవి అలంకారం అని చెప్పుకుంటాం.

కెజియా స్నానాల గదిలో ఉంది. తొట్టిలో నీళ్ళు ఎప్పుడో చల్లారిపోయాయి. దాని తొడలు నా నడుమంత అయ్యాయి. చర్మం బిగిసి మెరుస్తోంది, పిరుదుల మీద నల్లగా కమిలిన అచ్చులు. నన్ను చూడగానే మోకాళ్ళు ముడుచుకోబోయింది, ముడవలేకపోయింది.

"పెద్దమ్మా, నువ్వెందుకొచ్చావు? నువ్వు రాకూడదు."

"లేవగలవా?"

"లేస్తా. కాసేపుంటే తగ్గుతుంది. అందరికీ తగ్గింది." తర్వాత మెల్లగా అంది, "పెద్దమ్మా, పాసు కోకాకోలా రంగులో వస్తోంది. నిన్నట్నుంచీ. ఇవాళ అదీ రావట్లేదు."

ఫోన్ తీశాను. కార్లిస్ నా చేతి మీద చెయ్యి వేసింది.

"అంబులెన్సు వద్దు వర్నీటా. పక్క కౌంటీలో నాకు తెలిసిన డాక్టరున్నాడు. పేరు రాయకుండా చూస్తాడు. అంబులెన్సు వచ్చిందంటే వెనకే షెరీఫ్ వస్తాడు. పిల్లల చదువులు పోతాయి. శాఖ పోతుంది."

"చెయ్యి తియ్యి."

"నేను కొట్టలేదే దీన్ని! వాళ్ళు హద్దు దాటకుండా చూడ్డానికే నేనున్నా. నేను లేకపోతే ఏ అడివిలోనో చేసేవాళ్ళు. గుంజీలు, చేతుల్లో ఇటుకలు పట్టుకుని నిలబడటం, అంతే... మొన్న ఒక్కరోజు నేను త్వరగా వెళ్ళిపోయా." దాని గొంతు సన్నబడింది. "అదే వచ్చి అడిగింది నన్ను. పెద్దమ్మకి చెప్పకుండా నన్ను నిజంగా చెయ్యండి, జీవితాంతం కాగితం పిల్లగా ఉండలేను అంది. నువ్వు దానికి కాగితం ఇస్తానన్నావు. నేను అక్కచెల్లెళ్ళని ఇచ్చా."

తొట్టిలోంచి కెజియా, "అవును పెద్దమ్మా, నేనే అడిగా. ఫోన్ చెయ్యకు. ఇంకా మూడు రోజులే. చేశావంటే వాళ్ళెవరూ గట్టెక్కరు. నా వల్లే అంటారు. చచ్చేదాకా నా వల్లే అంటారు," అని ఏడ్చింది.

ఫోన్ చేశాను. అవతలి మనిషి చిరునామా అడిగితే నోరు తడబడలేదు, అన్నేళ్ళు క్రిస్మస్ కార్డులు పంపిన చిరునామా. అంబులెన్సు వచ్చేదాకా కార్లిస్ తొట్టి పక్కన నేల మీద కూర్చుని కెజియా చెయ్యి పట్టుకునే ఉంది. అప్పుడు దాన్ని అసహ్యించుకుందామని చూశాను. కుదర్లేదు, ఆ పట్టుకోవడం నిజంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. కండరాలు చితికిపోయాయి, చితికిన కండలోని విషం రక్తంలో కలిసి కిడ్నీలను మూసేసింది, మిషను మీద పెట్టి రక్తం కడుగుతున్నాం అంది. తేరుకుంటాయా అంటే, ఇప్పుడే చెప్పలేనంది. కెజియాకు ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

సాయంత్రానికి షెరీఫ్ ఆఫీసు నుంచి ఒకతను వచ్చాడు. నెమ్మదస్తుడు, మనవాడే, టోపీ చేతిలో పట్టుకుని అడిగాడు. కెజియా మెట్ల మీద నుంచి పడ్డానంది. ఎవరి ఇల్లంటే తెలియదంది. అంబులెన్సు వెళ్ళిన చిరునామా ఆయన దగ్గరుంది గానీ, ఖాళీ ఇంట్లో దీన్ని ఎవరు పెట్టారో చెప్పే మనిషి కావాలి. బయట బెంచీ మీద జనాయ్ ఒక్కతే వచ్చి కూర్చుంది, అంచు మీద, వంకరగా. ఆమెను అడిగితే, "నేనేం చూడలేదు సార్," అంది. నన్ను అడిగితే, పిల్లను చూసి వచ్చి మాట్లాడతానన్నాను. ఫోన్లో కార్లిస్ నుంచి ఒకే ఒక్క మెసేజీ ఉంది: 'నీ వెనక నేనున్నా. ఎప్పుడూ.' బతిమాలుతోందో, బెదిరిస్తోందో, నిజంగానే అంటోందో పోల్చుకోలేకపోయాను. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ భుజం మీద చెయ్యి బరువు తెలిసింది.

లోపలికి వెళ్ళాను. మిషను గిరగిర తిరుగుతోంది. కెజియా కళ్ళు తెరిచి ఉంది.

"లైను పోయిందా పెద్దమ్మా?"

"పోయింది."

మొహం గోడవైపు తిప్పుకుంది. అటు తిరిగే అడిగింది, "నీకెవరు చెప్పారు? జనాయేనా?"

బయట బెంచీ మీదున్న పిల్ల గుర్తొచ్చింది. నేనేమైనా పొరపాటున అంటే ఆ పిల్ల బతుకంతా పట్టిచ్చిందన్న పేరు మోయాలి. "ఎవరూ చెప్పలేదే. మీ వాళ్ళు ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మూడు తర్వాత ఖాళీ ఉంది. ముసలావిడ దూరబోతే కూడా దూరనివ్వలేదు. నీ ఖాళీ చూసి తెలుసుకున్నా."

కెజియా మెల్లగా నా వైపు తిరిగింది. పొక్కులెక్కిన పెదాలు విడ్డాయి.

"నా జాగా ఉంచారా?"

"ఉంచారు."

అది నవ్వింది. మెడలో గొట్టం, రక్తమంతా బయటికెళ్ళి కడుక్కుని లోపలికొస్తోంది, కిడ్నీలుంటాయో పోతాయో తెలియదు, అది సంతోషంగా నవ్వింది. వాళ్ళమ్మ పోయాక దాని మొహంలో అంత నిండు నవ్వు నేను చూడలేదు. నాకు ఒళ్ళంతా భయం పాకింది. ఇది కోలుకుని లేస్తే మళ్ళీ వెళ్ళి ఆ ఖాళీలో నిలబడుతుంది. కొన్నేళ్ళకు ఇదే ఇంకో పిల్ల భుజం మీద ప్రేమగా చెయ్యి వేసి, ఇటుకలు అందిస్తుంది.

దాని నుదుటి మీద ముద్దు పెట్టి బయటికొచ్చాను. షెరీఫ్ మనిషి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. జనాయ్ తలెత్తి నన్ను చూసింది.

"ఆ ఇల్లు కార్లిస్ బెల్‌ఫోర్డ్‌ది," అన్నాను. "నడిపించింది కూడా ఆవిడే. కిటికీలకు దుప్పట్లు, నేల మీద ఇటుకలు, గోడకు ప్యాడిల్, నా కళ్ళతో చూశాను. నా ముందు ఒప్పుకుంది. సాక్షి కింద నా పేరు రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. "ఆవిడ మీకేమవుతారు?" అని అడిగాడు.

"అక్కచెల్లెళ్ళం," అన్నాను.

ఆయన కలం ఆపి నా మొహంలోకి చూశాడు. జనాయ్ బెంచీ మీంచి లేచింది. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నా వెనక కాకుండా, నా పక్కకు వచ్చి నిలబడి, "ఐదు నేనే సార్. నాదీ రాసుకోండి," అంది.